నామాక్షర ముద్ర

పేరులోని మొదటి యక్షరములను గైకొని, వానిని ఒకదానితో నొకటి అల్లి, ఒకే యాకృతిగా దిద్ది, తన వస్తువులపై గుఱుతుగా నుంచుకొను పద్ధతి లోకమున మిక్కిలి ప్రాచీనమైనది. ఐరోపావారు దీనిని మోనోగ్రామందురు. గ్రీకు భాషలో ‘మోనో’ యనగా నొక్కటి, ‘గ్రామ’ యనగా నక్షరము. ఇప్పటి వర్తకులు లోగో యనునది దీనికి చుట్టమే కాని, లోగోలో బొమ్మ యున్నను ఉండవచ్చును. మోనోగ్రాములో అక్షరములే యుండవలయును. దీనిని నామాక్షర ముద్ర యని వ్యవహరించెదను. పేరులోని తొలి యక్షరములను మన వాడుకలో పొడియక్షరము లందురు కదా! ఆ పొడియక్షరములను పొడిపొడిగా విడిచిపెట్టక ఒక ముద్దగా కూర్చుటయే యీ విద్య.

ఇట్టి ముద్రలు రాజులకు తగును, వర్తకులకు తగును, ఇల్లు దిద్దుకొను మనకేల యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. వారు తమ వంటయింటిలోనికి పోయి, అటకమీది గుండిగలు మొదలుకొని అలమరలోని గిన్నెల వఱకు ఒకసారి తిరుగవేసి చూతురుగాక. పెండ్లిలో చదివించిన చుట్టముల పేర్లుండును. మామగారి పేరుండును. గృహప్రవేశమునకు వచ్చిన మిత్రుల పేర్లుండును. దినమునకు మూడుసార్లు ఆ గిన్నెలను దింపి, తోమి, సర్దుకొను నామె పేరు వానిలో నెన్నింటిపై నున్నది?

మన కావ్యములందు పేరు చెక్కిన యుంగరములు మూడు ప్రసిద్ధములు. హనుమంతుడు లంకకు గొనిపోయినది రామనామాంకితమైన యంగుళీయకము. దానిని చూచి సీతమ్మ దూతను నమ్మినది. ప్రతిగా నామె యిచ్చి పంపినది చూడామణి. ఆ మణిపై అక్షరమున్నట్లు వాల్మీకి చెప్పలేదు. దానిని గుఱుతుపట్టుటకు రాముని జ్ఞాపకమే యాధారము. కాళిదాసుని శాకుంతలమున దుష్యంతుడు తన పేరు చెక్కిన యుంగరమును శకుంతల వ్రేలికి తొడిగి, దినమునకొక యక్షరము చొప్పున లెక్కించుచుండుము, పేరు ముగియునప్పటికి నిన్ను గొనిపోవువారు వత్తురని చెప్పిపోవును. అక్షరములు ముగిసినవి, వచ్చినవారు లేరు. తానై బయలుదేరినది, దారిలో ఉంగరము నీటిపాలైనది.

మూడవది ముద్రారాక్షసములోనిది. రాక్షసమంత్రి పేరు గల యుంగరము అతని భార్య వ్రేలికుండెను. వాకిలి దాటిన పసివానిని లోపలికి లాగుకొను తొందరలో అది జారి, దొర్లుచు పోయి, చాణక్యుని చారుని పాదములకడ నిలిచినది. ఏల జారినదో విశాఖదత్తుడే చెప్పినాడు: అది పురుషుని వ్రేలి కొలతకు చేయించినది. ఆ యొక్క యుంగరముతో ఉత్తరమునకు ముద్ర వేయించి చాణక్యుడు రాక్షసుని యత్నములనన్నిటిని తలక్రిందులు చేసెను. చిన్ననాడు మా నాయనగారియొద్ద ఆ నాటకము చదువుకొన్నపుడు నేను చాణక్యుని తెలివికే యచ్చెరువొందితిని. ఇప్పుడు చదివినపుడెల్ల నా దృష్టి ఆ వదులైన యుంగరముకడనే నిలిచిపోవుచున్నది. మూడు కావ్యములందును చేయి స్త్రీది, పేరు పురుషునిది.

పేరున్న వస్తువునకును పేరు లేని వస్తువునకును గల భేదము మా పెద్దమ్మ యింట పంపకములైనపుడు మాకందఱకు తెలిసివచ్చినది. నలుగురన్నదమ్ముల కాపురము. ఇరువది యేండ్లుగా ఇత్తడియు కంచును ఒకే వంటయింట కలిసిమెలిసి తిరిగినవి. చావడిలో పాత్రలన్నియు రాశి పోసిరి. ఇంటివన్నియు ఇంటివేయని పెద్దవారొకరు తేల్చివేసిరి. పెద్దమ్మకు వాదము తెలియదు. ఒక్కొక్క బిందెను దగ్గరకు లాగుకొని అంచుక్రింద బొటనవ్రేలితో తడవి చూచుచు, కొన్నిటిని ప్రక్కకు పెట్టసాగినది. ఆమె తల్లి సారె పంపునపుడు ప్రతి పాత్రపైనను ‘ర’ యను ఒక్క యక్షరమును కొట్టించి, దానిచుట్టు చుక్కల వలయము పెట్టించినదట. ఇంటిపేరు లేదు, అల్లుని పేరు లేదు. అట్టి పాత్రలు పదునొకండు తేలినవి. ఎవ్వరును మాటాడలేదు. ఆ యక్షరము లేకున్న నామె మాట నమ్మకపోదురని కాదు. నమ్మియు నమ్మనట్లుండుటకు వీలుండెడిది.

స్త్రీధనము స్త్రీదేయని మన స్మృతులు చెప్పుచునే యున్నవి. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము స్త్రీ యాస్తిపై ఆమెకు సంపూర్ణాధికారము నిచ్చినది. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు, భార్య తెచ్చుకొన్న స్త్రీధనము అత్తవారింట నున్నంతమాత్రమున ఉమ్మడి సొత్తు కాదనియు, అడిగినపుడు తిరిగి యీయకుండుట నేరమగుననియు తీర్పు చెప్పిరి. చట్టము హక్కు నిచ్చును. ఏ బిందె యెవరిదో చట్టమునకు తెలియదు. ముద్ర యొక్కటే చాలునని నే ననను. కొన్ననాటి రసీదులును పెండ్లినాటి జాబితాయును దాచుకొనవలసినవే. జాబితాలోని మాటకు వస్తువుపైనున్న యక్షరము తోడుపడునని మాత్రమే నా మనవి.

ఇక ఏ యక్షరములతో ముద్రను కూర్చుకొనవలయును? ఇచ్చట పురుషులకు లేని చిక్కు మనకున్నది. వారి యింటిపేరు పుట్టినది మొదలు మాఱదు. కావుననే ఎన్టీఆర్, ఏయన్నార్ అని పొడియక్షరములే పిలుపులైన మహనీయులు వారిలో నున్నారు. శ్రీరంగము శ్రీనివాసరావుగారు ఇంటిపేరునుండి యొక శ్రీని, సొంతపేరునుండి యొక శ్రీని తీసికొని శ్రీశ్రీ యైరి. స్త్రీలలో అట్లు పొడియక్షరములతోనే పిలువబడినవారు అరుదు. మన పేరునకు ముందుండు అక్షరము నేడొకటి, రేపొకటి. రాజ్యాంగసభలో జి. దుర్గాబాయిగా కూర్చున్న మహిళ 1953లో వివాహానంతరము దుర్గాబాయి దేశముఖు అయినారు. ముందున్న ‘జి’ పోయినది, వెనుక దేశముఖు వచ్చినది. నడుమనున్న దుర్గాబాయి కదలలేదు. పులపాకవారి ‘పి’ సుశీలగారికిని, శిష్ట్లావారి ‘ఎస్’ జానకిగారికిని కీర్తితోపాటు నిలిచిపోయినవి. కాని గానకీర్తి యందఱకు నుండదు గదా!

కావున నా మతమున ముద్రకు మూలాక్షరము ఇంటిపేరునుండి రాగూడదు. నామకరణమునాడు పళ్లెములోని బియ్యమునందు బంగారుటుంగరముతో వ్రాసిన పేరునుండి రావలయును. ఆ పేరు మనకోసమే వెదకి పెట్టినది. ఇంటిపేరి యక్షరము కూడ నుండవలెనన్న నుండవచ్చును, కాని చిన్నదిగా, ఒదిగి యుండవలయును. అది పుట్టినింటిదో మెట్టినింటిదో యన్నది ఎవరి యిష్టము వారిది. రెండును చేర్చినను తప్పులేదు. అత్తగారి పేరును కోడలి పేరును ఒక్కటైనచో కోడలి పిలుపు మార్చు కుటుంబములు కొన్ని కలవు. అట్టివారు తమలో తాము తలచుకొన్నపుడు ఏ పేరు పలుకునో ఆ పేరి యక్షరమునే గ్రహింతురుగాక.

అక్షరము తెలుగుదా, ఇంగ్లీషుదా యన్న ప్రశ్నయు నున్నది. ఈ కాలమున శుభలేఖలమీదను పెండ్లిమండపపు ద్వారములమీదను వధూవరుల యింగ్లీషు పొడియక్షరములను పెనవేసి, పూలతో నింపి నిలుపుచున్నారు. చూచుటకు ముచ్చటగనే యుండును. మూడునాళ్లైన తరువాత ఆ పూలు వాడిపోవును, ఆ ముద్రయు నెవ్వరికిని పనికిరాదు. అది సంతోషమును చాటునట్టిదే గాని వస్తువును గుఱుతుపట్టుట దాని పని కాదు. అదియట్లుండ, ఇంగ్లీషు యక్షరములలో మన పేర్లు కలిసిపోవును. శిష్ట్లావారును ‘ఎస్’, సాలూరివారును ‘ఎస్’, శ్రీపాదవారును ‘ఎస్’, శంకరంబాడివారును ‘ఎస్’. టంగుటూరివారును తాపీవారును తెన్నేటివారును ‘టి’ క్రిందికే వత్తురు. తెలుగులో శి, సా, శ్రీ, శం వేఱువేఱు. టం, తా, తె వేఱువేఱు. ఇంగ్లీషు యక్షరము ఒక్క హల్లును మాత్రమే పట్టుకొనును. మన యక్షరము హల్లును అచ్చును కలిపి ఒక నాదమునే పట్టుకొనును. ఇంతకంటె మంచి సామగ్రి ముద్రకేమి కావలయును?

ఇతర దేశములవారు తమ యక్షరములతో ఏమి చేసిరో కొంత చెప్పి మన లిపికడకు వచ్చెదను. గ్రీకుల నగరములు పేరులోని తొలి యక్షరములను కూర్చి నాణెములపై వేసికొనెడివి. మన వాయవ్య దిక్కున రాజ్యమేలిన మినాండరు మొదలగు యవనరాజుల నాణెములమీదను ఇట్టి కూర్పులు కనబడును. 800వ సంవత్సరమున రోములో చక్రవర్తి కిరీటము ధరించిన షార్లమేనునకు చదువుపై మక్కువ యెక్కువయైనను వ్రాత యలవడలేదు. తలగడ క్రింద పలకలుంచుకొని, తీరిక దొరకినపుడెల్ల అక్షరములు దిద్దుకొనెడివాడని ఆయన చరిత్ర వ్రాసిన ఐన్‌హార్డు చెప్పినాడు. ఆయన ముద్ర సిలువ యాకారముగా నుండును. కరోలుసను ఆయన లాటిను పేరులోని హల్లులు నాలుగును నాలుగు కొనల నుండును. అచ్చులు నడిమి చదరములో నొదిగియుండును. లేఖరి సర్వము వ్రాసి యిచ్చిన పిదప రాజు నడుమ నొక్క గీత గీచెడివాడందురు. పెద్ద వయస్సున పలక పట్టినవారు మన యిండ్లలోను ఉన్నారు. వారు సిగ్గుపడుటకేమియు లేదు.

చిత్రకారులలో 1471లో న్యూరెంబర్గు నగరమున పుట్టిన ఆల్బ్రెక్టు డ్యూరరు ముద్రకు సాటి లేదు. ఆయన తండ్రి స్వర్ణకారుడు. ముద్రలు చెక్కుట యింటి విద్య. ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమును వాకిలివలె వెడల్పుగా నిలిపి, ఆ వాకిలిలో ‘డి’ అక్షరమును కూర్చుండబెట్టినాడు. అంతే. తీగ లేదు, పువ్వు లేదు. ఆయన చెక్కిన చిత్రములను వెనీసులో మార్కాంటోనియో యను నతడు ముద్రతో సహా అనుకరించి యమ్మెననియు, డ్యూరరు ఫిర్యాదు చేయగా అక్కడి యధికారులు చిత్రమును అనుకరించినను ముద్రను వాడరాదని మాత్రము శాసించిరనియు వసారి యను రచయిత చెప్పిన కథ కలదు. 1512లో న్యూరెంబర్గు నగరసభవారును దొంగముద్ర వేసి బొమ్మలమ్మువానిచేత ఆ ముద్రను తీసివేయించిరి. బొమ్మను కాపాడలేకపోయిరి గాని రెండక్షరములను కాపాడిరి!

ఇట్టి వాకిలి ముద్ర మన హైదరాబాదులోను కలదు. ఆఱవ నిజాము మహబూబు ఆలీఖాను కాలపు నాణెములపై చార్మినారు బొమ్మ ముద్రించి, దాని ద్వారమున ఆయన పేరులోని తొలి యక్షరమగు ‘మీము’ను నిలిపిరి. 1911లో ఉస్మాను ఆలీఖాను గద్దె నెక్కిన పిదప చార్మినారట్లే యుండగా ద్వారములోని యక్షరము మాత్రము ‘ఐను’ అయినది. మా యింట పాతపెట్టెలో ఒక నాణెమున్నది. పిల్లలకు దానిని చూపి, ద్వారములో నెవరున్నారో చూడుడని యడుగుట నాకొక వేడుక.

ఇప్పుడు తెలుగు గ అక్షరమును చూడుడు. రెండు కాళ్లమీద నిలిచిన వాకిలి కాదా? పైనున్న తలకట్టు తోరణము. శ దాని చెల్లెలు. ఈ రెండక్షరములలో నేదైనను మీ పేరున గాని యింటిపేరున గాని యున్నచో డ్యూరరుకు దొరకిన యదృష్టమే మీకును దొరకినది. వాకిలి పెద్దదిగా గీచి రెండవ యక్షరమును దాని క్రింద నిలిపిన చాలును. గలో గుండ్రని ర యెంత చక్కగా నొదుగునో గీచి చూడుడు. ప, ష, స, హలు పైన నోరు తెఱచిన గిన్నెలవంటివి. వానిలో చిన్న యక్షరమును పూవువలె నుంచవచ్చును. ర, ఠలు సున్న చుట్టినట్లుండును గాన వానిని పెద్దవిగా గీచి, వేఱొక యక్షరమును లోన నిలుపవచ్చును; అప్పుడు సున్నయే చట్రమగును. మలో వ దాగియున్నది. ఈ రెండును గలవారు వేఱుగా కష్టపడనక్కరలేదు. వ వఱకు ఒక రంగు దారముతోను, మిగిలిన గీతను వేఱొక రంగుతోను కుట్టినచో ఒకే యక్షరము రెండుగా చదువబడును.

తలకట్టున్న యక్షరములు రెండు ప్రక్కప్రక్కన వచ్చినపుడు ఒకే పొడుగు తలకట్టును రెంటికిని కప్పవచ్చును. జ, బ, ల, ణలకు తలకట్టు లేదు. వానిపై బలవంతముగా పెట్టరాదు. ఒత్తుల సంగతి మఱియు సొగసైనది. ఒక యక్షరము క్రింద మఱొక యక్షరమును చిన్నదిగా చేర్చుట మనకు ఓనమాలనాటి విద్య. శ్రీ యను నక్షరమునే చూడుడు: శకారము, రేఫ, ఈకారము మూడును కలిసి ఒక్క యాకృతియై నిలిచినవి. ప్రతి శుభలేఖ తలపైనను మనము వ్రాయునది మోనోగ్రామే. ప్రకారముతో మొదలగు పేరు గలవారికి క్రావడి యున్నది. అక్షరమును క్రిందినుండి చేతితో పొదివికొన్నట్లుండును. దాని కొనను సాగదీసి పూర్తి వలయముగా చుట్టవచ్చును. కొమ్ముతో మొదలగు పేర్లవారు కొమ్మును, గుడి యున్నవారు గుడిని ఇట్లే పెంచుకొనవచ్చును. కాని గుణింతపు గుఱుతు అక్షరముకంటె పెద్దదైనచో కిరీటమే కనబడి ముఖము కనబడకపోవును.

గీయుట యెట్లో మన స్త్రీలకు వేఱుగా నేర్పనక్కరలేదు. ముగ్గు వేయునట్లే కాగితముపై వరుసకేడు చొప్పున ఏడు వరుసల చుక్కలు పెట్టుడు. ముఖ్యాక్షరము పైవరుసను క్రిందివరుసను తాకవలయును. చిన్నయక్షరము మూడు వరుసలకు మించరాదు. ముగ్గులో గీత యొకచోట లావు, ఒకచోట సన్నమైనచో వాకిలి పాడైనట్లగును గదా, ఇక్కడను అంతే. గీతకును గీతకును నడుమ గీతయంత లావైనను తెఱపి యుండవలయును. లేనియెడల రాగిమీద కొట్టినపుడు ఒకదానిలో నొకటి కలిసి మచ్చయగును. ఒకటి రెండు కాదు, ఇరువది ముప్పది గీచిన పిదప అందులో నొకటి నచ్చును. కంప్యూటరునందును ఫోనునందును అక్షరములు దిద్ది యిచ్చు సాధనము లిప్పుడున్నవి. అచ్చుకు పంపునపుడు అవి యుపయోగపడును. మొదటనే వానిని పట్టుకొన్నచో అందఱి గలును ఒకే గ యగును. మీ చేతి వంపు అందుండదు.

నచ్చినదానిని నాలుగైదు విధముల పరీక్షింపవలయును. రూపాయి నాణెమంత చిన్నదిగా గీచి చూడుడు, అప్పుడును తెలియవలయును. గోడకంటించి గదికి ఆవలి కొననుండి చూడుడు. బొగ్గుముక్కతో నొక్క నిమిషములో వ్రాయగలరేమో చూడుడు. వ్రాయలేనిది పచ్చడి జాడీ మూతపై నెన్నటికిని వ్రాయరు. కడపట, అక్షరములు కొత్తగా నేర్చుకొన్న పిల్లవానికి చూపి చదువుమనుడు. పెద్దలు మర్యాదకు బాగున్నదందురు. పిల్లలు చదువగలిగినదే చదువుదురు. మకును వుకును భేదము తెలియక తికమకపడు పిల్లలు తరగతికి పదిమందియైనను ఉందురని మావారు నిత్యము చెప్పుచుందురు. మీ మను చూచి పిల్లవాడు వు అన్నచో ఆ కొమ్మును మఱికొంత పైకి లేపవలయునన్నమాట. తీగలు, చిలుకలు, పద్మములు చేర్చవలెనని మనసు పీకుచుండును. ఒక్క చుక్కల వలయము చాలును. మా పెద్దమ్మ తల్లికి చదువు రాదు గాని ఆ సంగతి తెలిసినది.

బట్టలమీది గుఱుతుల విషయమున మనకు గురువులు చాకలివారు. ఊరిలోని యిండ్లకన్నిటికిని వేఱువేఱు చుక్కలు, గీతలు నేర్పఱచి, నల్లజీడి రసముతో బట్ట మూలను పెట్టెడివారు. ఎన్ని యుదుకులకును పోదు. అక్షరము రానివారైనను ఏ గుఱుతు ఏ యింటిదో తడబడక చెప్పెడివారు. ముద్ర యెంత తేలికగా నుండవలయునో దానివలన నేర్చుకొనవచ్చును. అయితే జీడిరసము చర్మమునకు తగిలిన బొబ్బలెక్కును. బట్టమీది గుఱుతు ఒంటికి రాచుకొన్నను కొందఱకు దద్దురు లేచును. కావున మనము సూదిదారములతోనే సరిపెట్టుకొనుట మేలు. తెలుగక్షరముల వంపులకు గొలుసుకుట్టును కాడకుట్టును తగినట్లు మఱేదియు తగదు. చదరపు గళ్లలో కుట్టు కత్తెరకుట్టు ఇంగ్లీషు యక్షరములకు సరిపడును గాని మన సున్నలను పలకలుగా విఱుచును. దిండుగలేబులకు మూలను, దుప్పట్లకు పాదములవైపు అంచున, పిల్లల బడిసంచికి లోపలి మడతను కుట్టవలయును. ఎఱ్ఱదారమునకు రంగు దిగునేమో ముందుగా తడిగుడ్డపై రుద్ది చూచుకొనుడు. హాస్టలులో చదువు పిల్లలకు పేరు మొత్తము కుట్టుటకంటె ముద్రయే నయము. తోటివారి దుప్పట్ల నడుమ దూరమునుండియే తెలియును.

పచ్చళ్లు, వడియములు, పొడులు చేసి యమ్ముకొను సోదరీమణులు నేడు మునుపటికంటె నెక్కువయైనారు. వారికీ ముద్ర అలంకారము కాదు, జీవనాధారము. సీసాపై నక్షరము బాగుగా నున్నచో రెండవసారి కొనువారు దానిని వెదకికొని వత్తురు. బాగుగా అమ్ముడుపోవుచున్నదన్నచో దానిని చూచి చేయువారును వత్తురు. 1999వ సంవత్సరపు వాణిజ్య చిహ్నముల చట్టము ప్రకారము పేరును, చేవ్రాలును, అక్షరమును కూడ వర్తకపు గుఱుతుగా నమోదు చేయించుకొనవచ్చును. నమోదు పదేండ్లు నిలుచును, పిదప మరల పొడిగించుకొనవచ్చును. దరఖాస్తును ఎవరి పేరున పెట్టుచున్నారో ఇంటనున్నవారు మాత్రమే కాక తామును చదివి చేవ్రాలు చేయుదురుగాక. చేయి యొకరిది, పేరొకరిది కారాదు.

పాత్రలమీద కొట్టించువారికి రెండు మాటలు. మునుపు ఉలిమొనతో చుక్కచుక్కగా కొట్టెడివారు. ఇప్పుడు స్టీలుసామాను దుకాణములలో విద్యుత్తుతో నడుచు కలమువంటి పనిముట్టుతో చెక్కి యిచ్చుచున్నారు. దుకాణదారు తన యలవాటు చొప్పున ఇంటిపేరును, ఇంటాయన పేరును, తారీఖును అడుగును. మీరు ముందుగా గీచుకొన్న కాగితమును చేతికిచ్చి, ఉన్నదున్నట్లు చెక్కుమని దగ్గర నిలుచుండుడు. అడుగున చెక్కింపరాదు, పొయ్యిమీద మాడి, రాచి తోముటలో నరుగును. అంచుక్రింద, వెలుపలివైపున, బొటనవ్రేలికందునట్లు ఉండవలయును. వెండి సామాను మెఱుగు పెట్టినకొలది గీతలరుగును గాన కొంత లోతుగా చెక్కింపవలయును. కుంకుమభరిణెకు మాత్రము మూత లోపల చెక్కించుట మంచిది. పైన నున్నది అరుగును. లోపలి గీతలలో కుంకుమ నిలిచి, అక్షరము దానంతట నదే యెఱ్ఱబడును.